గడి లేని పని

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గరి సూపర్‌మార్కెట్‌లో బిల్లు కోసం వరుసలో నిలబడ్డాను. నా ముందున్నావిడ బుట్టలోంచి ఒక్కో సరుకూ అందిస్తుంటే కౌంటర్‌లో అమ్మాయి దాన్ని యంత్రం ముందు ఆడిస్తోంది. కీక్. కందిపప్పు. కీక్. సబ్బులు. కీక్. ఆ చప్పుడు విన్నప్పుడల్లా నా కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ వాటంతట అవే దగ్గరికొస్తాయి, కాగితం మూల పట్టుకుని సర్రున లాగబోతున్నట్టు. ఏళ్లు గడిచినా ఈ వేళ్లకు బుద్ధి రాలేదు. ఒకప్పుడు అవి చేసిన ఘనకార్యం అలాంటిది. పన్నెండు రోజుల్లో, చాలా శ్రద్ధగా, ఒక మనిషి పదకొండేళ్ల పరిశోధనను చించి గోనె సంచుల్లో పోశాయి.

ఆ మనిషి పేరు అనసూయ. ఫిల్మ్‌నగర్‌లో మా కాలేజీ లైబ్రేరియన్. మీరెవరూ ఆవిడను చూసి ఉండరు. చాలా సినిమాల్లో ఆవిడ పని ఉంది కానీ ఏ సినిమా మొదట్లోనూ ఆవిడ పేరు పడలేదు. సినిమావాళ్లను అనడం ఎందుకు, మా కాలేజీ కాగితాల్లోనే పడలేదు. ఆ కాగితాల సంగతి ఇవాళ మళ్లీ నా మీదికి వచ్చింది. చేతిసంచిలో మడిచిపెట్టిన ఒక ఫారం ఉంది. రేపటిలోగా దాని మీద సంతకం పెట్టాలట. పెడితే నాకు మంచిది, అందరికీ మంచిది. అందుకే ఆవిడ గురించి చెప్పాలనిపిస్తోంది, కొంచెం కోపంగానే చెబుతాను.

మా నాన్న సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజర్. భీమవరం నుంచి వచ్చి శ్రీనగర్ కాలనీలో స్థిరపడ్డాం. ఇంట్లో పొద్దున లేస్తే షూటింగ్ కబుర్లే. నేను లైబ్రరీ సైన్స్ చదివి, సినిమా చదువులు చెప్పే కాలేజీలో అసిస్టెంట్‌గా చేరతానంటే నాన్న ముఖం అదోలా పెట్టారు. కాలేజీ ఒక ఏటవాలు రోడ్డు మీద ఉంటుంది. కిటికీలోంచి చూస్తే స్టూడియో వ్యాన్లు రొప్పుతూ ఎక్కుతుంటాయి. లైబ్రరీలో విద్యార్థులే కాదు, సభ్యత్వం తీసుకున్న సినిమా పనివాళ్లు కూడా కనిపిస్తారు. సెట్లు వేసేవాళ్లు, బట్టలు కుట్టేవాళ్లు, మాటలు రాసేవాళ్లు. మొదటిరోజు నేను వెళ్లేసరికి అనసూయ మేడమ్ స్టూలెక్కి పైఅరలో ఏదో వెతుకుతున్నారు. పొట్టి మనిషి, గంజి పెట్టిన నేత చీర, కళ్లజోడుకు నల్ల దారం. కొప్పులో పువ్వు లేదు, పెన్సిల్ ఉంది. సిద్దిపేట వైపు ఊరు, టోలిచౌకిలో కాపురం. నన్ను పైనుంచి కిందికి చూసి, "మాధవివి నువ్వేనా? పెన్నుంటే లోపల వెట్టు. గీడ పెన్సిలే," అన్నారు. అదే నాకు నియామక పత్రం.

ఆవిడకొక అలవాటుంది. ఎవరైనా పుస్తకం తిరిగి ఇస్తే తేదీ వేసి వదిలిపెట్టరు. "దేనికి పనికొచ్చింది?" అని అడుగుతారు. చెప్పిందాన్ని పుస్తకం వెనక అట్టకు అంటించిన తేదీల చీటీ మీద, ఆ తేదీ పక్కనే, పెన్సిల్‌తో ఒక్క ముక్కలో రాస్తారు. మొదట్లో నాకిది వట్టి ఆరా అనిపించేది. మా వైపు పక్కింటి పిన్నిగారు కూడా అంత గుచ్చి గుచ్చి అడగదు. ఒకరోజు డైరెక్షన్ చదివే కుర్రాడొకడు బావులు తవ్వే పద్ధతుల మీద పాత పుస్తకం తెచ్చిచ్చాడు.

"దేనికి పనికొచ్చింది?"

"ఊరికే చూశాను మేడమ్."

"ఊరికే చూసినవా? అయితే ఊరికే చూసిన అనే రాస్త. ఫికర్ లేదు."

అతను తల గోక్కున్నాడు. "అంటే... బావిలోకి దిగే సీను తీశాం మేడమ్. యాక్టర్ నడుముకి తాడు కట్టాం. ఇందులో బొమ్మ చూశాక చంకల కిందికి మార్చాం. లేకపోతే నడుం పట్టేసేదేనండీ, బతికిపోయాడు."

మేడమ్ నవ్వలేదు. "తాడు నడుము నుంచి చంకల కిందికి" అని గుండ్రటి అక్షరాలతో రాశారు. చీటీలన్నీ అలాంటివే. "కోర్టు బంట్రోతు తలపాగా రంగు మార్చిరి." "మగ్గం మీద కూర్చునే వైపు సరిచేసిరి." "పాముకాటుకు మనిషి అంత తొందరగా చావడని తెలిసి, విలన్ చావు తీసేసిరి." పుస్తకం మీద ముందు ఏముందో కంటే వెనక ఏముందో చదవడం నాకు ఎక్కువ ఇష్టమైపోయింది. ఇదంతా ఎందుకని ఒకసారి అడిగాను. ఆవిడ కళ్లజోడు పైకి నెట్టుకుని, "ఎంతమంది వచ్చిండ్రని లెక్క పెడితే ఏం తెలుస్తది? గేటు కాడ వాచ్‌మన్ గుడ పెడుతడు గా లెక్క. వచ్చిపోయినంక వాళ్ల పనిల ఏం మారింది? గది తెలవాలె. గదే లైబ్రరీకి కొలత," అన్నారు. నాకు సగం అర్థమైంది. మిగతా సగం అర్థం కావడానికి నేను ఒక వెధవ పని చేయాల్సి వచ్చింది.

ఆవిడ ఈ చీటీల్లోని ముక్కల్ని ప్రతి వేసవిలోనూ నోట్‌పుస్తకాల్లోకి ఎత్తి రాసేవారు. మొదటి కొన్నేళ్ల సమాచారంతో ఒక వ్యాసం రాసి, చిన్న తెలుగు గ్రంథాలయ పత్రిక ఒకదానికి పంపితే వాళ్లు అచ్చువేశారు. సినిమా పని చేసేవాళ్లు ఏ మాటతో వెతుకుతారు, మన కేటలాగు వాళ్లకు ఏ మాటతో జవాబిస్తుంది, ఆ రెంటికీ మధ్య ఎంత దూరం ఉంది, ఇదీ విషయం. ఆ దూరం తగ్గించడానికి ఆవిడ స్వయంగా ఒక విషయాల పట్టిక తయారుచేశారు. అందులో "వేషధారణ" అనే పెద్ద మాట కింద తలపాగాలు, కాళ్ల పట్టీలు, పంచెకట్లు విడివిడిగా ఉంటాయి. మా కాలేజీలో పరిశోధన చేసిన ప్రతివాళ్లూ ఆ పట్టిక పట్టుకునే అరల మధ్య తిరిగారు.

కాలేజీకి మార్కులు వేసే బృందం వస్తోందన్నప్పుడు మొదలైంది అసలు గొడవ. ఎవరెవరు ఏమేం పరిశోధనలు చేశారో పోగుచేసే పని జర్నలిజం చెప్పే శ్రీధర్ సార్‌కి అప్పగించారు. చెడ్డవాడేం కాదు. అందరికీ టీ తెప్పించి, నవ్వుతూ పని చేయించుకునే రకం. మేడమ్ తన వ్యాసం తీసుకుని వెళ్లారు, వెంట నేనున్నాను.

"మేడమ్, ఈ జర్నల్ మన లిస్ట్‌లో లేదండీ. అదీకాక మీరు నాన్ టీచింగ్ కదండీ, మీ పేరు కొడితే సిస్టమ్ తీసుకోవట్లేదు," అన్నాడాయన, కంప్యూటర్ తెర మావైపు తిప్పి.

"సిస్టమ్ తీస్కోకుంటే మీరు తీస్కోండ్రి."

"నేను తీసుకుని ఏం చేసుకోనండీ?"

"మీ థీసిస్ చేసుకున్నరు గదా." ఆవిడ గొంతు పెంచలేదు. "మూడో అధ్యాయం మొత్తం నా పట్టిక వరసలనే ఉంది. నా పేరేడ అని జూస్తే కృతజ్ఞతల పేజీల గుడ లేదు. 'లైబ్రరీ సిబ్బందికి' అని ఉంది. సిబ్బంది అంటే ఎవరు సార్? నేనా, ఫ్యానా?"

శ్రీధర్ సార్ తెర మళ్లీ తనవైపు తిప్పుకున్నాడు. బయటికి వచ్చాక మేడమ్ నాతో లైబ్రరీలో ఉన్న థీసిస్‌లన్నీ దింపించారు. ప్రతిదాంట్లో కృతజ్ఞతల పేజీ చూడమన్నారు. తల్లిదండ్రులకు, గైడుకు, దేవుడికి, టైపు చేసినాయనకు పేరుపేరునా దండాలున్నాయి. లైబ్రరీ దగ్గరికి వచ్చేసరికి అందరికీ "సిబ్బంది" గుర్తొచ్చింది. పుస్తకంలోంచి ఒక వాక్యం తీసుకుంటే దాని రచయిత పేరు కింద వేస్తారు, అది లెక్కలోకి వస్తుంది. ఆ పుస్తకాన్ని వెతికి, అది ఉందని తెలిసే దారి వేసి పెట్టినవాళ్లకు థాంక్స్ చెబుతారు, అది లెక్కలోకి రాదు. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. కడుపు మండిపోయింది. మేడమ్‌కి ఏదైనా చేసిపెట్టాలని గట్టిగా అనుకున్నాను. చేశాను కూడా.

వాళ్ల పెద్దన్నయ్య పోయారని కబురొస్తే మేడమ్ సిద్దిపేట వెళ్లి పన్నెండు రోజులు అక్కడే ఉండిపోయారు. అదే సమయంలో పుస్తకాలన్నిటికీ బార్‌కోడ్లు అంటించే కంపెనీవాళ్లు దిగారు. బృందం వచ్చేలోగా లైబ్రరీ కొత్త పెళ్లికూతురిలా ఉండాలని ప్రిన్సిపాల్ గారి ఆజ్ఞ. బార్‌కోడ్ వెనక అట్ట లోపలివైపు అంటించాలి, అక్కడ పాత తేదీల చీటీ అడ్డంగా ఉంది. "ఇవి తీసేయమంటారా?" అని కంపెనీ మనిషి అడిగితే, నేను ఒక్క క్షణం ఆలోచించాను. మేడమ్ నోట్‌పుస్తకాలు బీరువాలో వరసగా కళ్లకు కనబడుతున్నాయి. అందులో ఎక్కిన వాటికి మళ్లీ ఈ చీటీలెందుకు అనుకున్నాను. వేరేవాళ్ల చేత చేయిస్తే అట్టలు చిరిగిపోతాయని నేనే కూర్చున్నాను. చీటీ మూల పట్టుకుని లాగడం, యంత్రం కీక్‌మనడం. లాగడం, కీక్. పన్నెండు రోజులు. సంచులు నిండాక పాత కాగితాలు కొనే ఆటో వచ్చి తీసుకుపోయింది. మేడమ్ వచ్చి మెచ్చుకుంటారని ఎదురుచూశాను.

ఆవిడ వచ్చారు. ఒక పుస్తకం తీశారు. వెనక్కి తిప్పారు. ఇంకో పుస్తకం తీశారు.

"చీటీలేవి?"

"తీసేశామండీ. బార్‌కోడ్ అంటించడానికి..."

"తీసి ఏడ వెట్టినవ్?"

"మీరు నోట్‌బుక్కుల్లోకి ఎక్కించేశారు కదా మేడమ్?"

ఆవిడ బీరువా తెరిచి ఆఖరి నోట్‌పుస్తకం నా చేతికిచ్చారు. చరిత్ర అర మధ్యలో రాత ఆగిపోయింది. ఆ తరవాత అన్నీ తెల్ల కాగితాలే. సగం అరలు కూడా పూర్తికాలేదు. ఇద్దరం ఆటో ఎక్కి టోలిచౌకిలో ఆ పాత కాగితాల కొట్టుకు పరిగెత్తాం. లోడు నిన్ననే మిల్లుకు వెళ్లిపోయిందన్నాడు కొట్టతను. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆవిడ బయటికి చూస్తూ కూర్చున్నారు. మర్నాడు మాత్రం ఒంటికాలి మీద లేచారు.

"నీకు సదువు జెప్పినోళ్లను అనాలె! చీటీ అంటే చిత్తు కాగితమనుకున్నవా? అడుగొద్దా నన్ను? ఒక్క ఫోన్ కొట్టొద్దా?"

"చావింట్లో ఉన్నారు కదా అని..."

"సచ్చినోడు మా అన్న. నేను బతికే ఉన్న గదా!"

రెండు రోజులు ఏడ్చాను. ఉద్యోగం మానేస్తానని నాన్నకు చెప్పాను. మూడోరోజు పొద్దున్నే మేడమ్ పాత ఇష్యూ రిజిస్టర్ తెచ్చి నా బల్ల మీద దబ్బున పడేశారు. ఏ పుస్తకం ఎవరు ఎప్పుడు తీసుకున్నారో అందులో సంతకాలతో సహా ఉంది. దాని మీద అప్పుడే చెక్కిన పెన్సిల్ ఒకటి.

"ఏడ్చుడు అయిందా? అయితే నడు. పోయింది చీటీలు. చెప్పిన మనుషులు యాడికి పోలే, అందరు గీ నాలుగు గల్లీలల్లనే ఉన్నరు. మళ్ల అడుగుదాం."

ఆ తరవాత కొన్ని నెలలు కాళ్లకు బలపం కట్టుకుని తిరిగాం. సెలవు రోజుల్లో, కాలేజీ అయ్యాక సాయంత్రాల్లో. ఫిల్మ్‌నగర్ ఎత్తుపల్లాలన్నీ నాకు అప్పుడే తెలిశాయి. ఎడిటింగ్ గదుల ముందు చెప్పులు విడిచి నిలబడ్డాం, స్టూడియో గేటు దగ్గర వాచ్‌మన్‌ని బతిమాలాం. జూబ్లీహిల్స్‌లో పేరున్న మాటల రచయిత ఒకాయన ఇంటికి వెళ్తే, మంచి కాఫీ ఇప్పించి, "అబ్బే, నాకు లైబ్రరీలతో పనేంటమ్మా? నాదంతా అనుభవంలోంచి వచ్చిందే," అన్నాడు. రిజిస్టర్‌లో ఆయన సంతకం నాలుగు పుస్తకాలకు ఎదురుగా ఉంది. అందులో ఒక పుస్తకంలోని ఉత్తరాల బాణీ ఆయన సినిమాలో అలాగే వినబడుతుంది. మేడమ్ మాత్రం పెన్సిల్ తీసి, "పనికి రాలేదన్నారు" అని రాసుకుని, కాఫీ బాగుందని చెప్పి లేచారు. గేటు దాటగానే నేను పళ్లు నూరుకుంటూ, "అబద్ధం చెప్పాడు కదండీ! అసలు సంగతి రాయండి," అన్నాను.

"ఆయన చెప్పింది రాసిన. మనకు నచ్చింది రాస్తే గది పరిశోధన గాదు, పోస్టరు."

యాదగిరి గారిని కలిసిన సాయంత్రం మాత్రం వేరు. ఆయన సినిమాలకు బట్టలు సమకూర్చే మనిషి. ఫిల్మ్‌నగర్‌లో ఒక సందు చివర ఆయన గోదాం ఉంది. లోపలికి వెళితే కలరా ఉండల వాసన, దండేల మీద రాజులూ పోలీసులూ పెళ్లికూతుళ్లూ అందరూ పక్కపక్కనే వేలాడుతున్నారు. ఏళ్ల కిందట ఆయన తలపాగాల మీద పుస్తకం ఒకటి తీసుకెళ్లాడు. మేడమ్ అది గుర్తుచేయగానే మారు మాట్లాడకుండా ఒక పొడుగాటి గుడ్డ తీసి, నేల మీద కూర్చుని, తన మోకాలికే చుట్టడం మొదలుపెట్టాడు. మడత మీద మడత. నిమిషంలో మోకాలి మీద బంట్రోతు తలపాగా తయారైంది. దాన్ని ఊడదీయకుండా తీసి మేడమ్ చేతిలో పెట్టాడు.

"గా దినం నువ్వు అడిగినవమ్మా, దేనికి పనికొచ్చింది అని. ఒక్క కోర్టు సీనుకు అని జెప్పిన. గది తప్పయింది. గప్పటిసంది ఏ కాలం కట్టు గావాలన్నా నా కాడికే వస్తుండ్రు. నా బిడ్డ గుడ నేర్సుకుంది, ఇప్పుడు నాకన్న మంచిగ కడతది. గా బుక్కే మా ఇంటికి బతుకుదెరువయింది. ఒక్క సీను అని ఎట్ల రాస్తవు?"

మేడమ్ పెన్సిల్ ఆగిపోయింది. ఏటవాలు రోడ్డు దిగుతున్నప్పుడు నాతో అన్నారు, "మాధవీ, నేను తొందరపడ్డనే. పుస్తకం తెచ్చిచ్చిన నాడే అడిగితే ఏం తెలుస్తది? ఆ రోజుకు వాళ్లకే తెల్వదు. నాలుగేండ్లు, అయిదేండ్లు ఆగి మళ్ల అడగాలె. గిప్పుడు మనం చేస్తున్నదే అసలు పని." నా గుండె మీద నుంచి బండ దిగినట్టయింది. పళ్లికిలించి ఉంటాను, వెంటనే వేలు చూపించారు. "గట్లని నీ తప్పు మాఫ్ గాలే. గుర్తుంచుకో."

గుర్తుంచుకున్నాను మేడమ్.

ఆ తిరుగుళ్లలోంచి పుట్టిందే ఆవిడ పెద్ద పరిశోధన. పుస్తకం ఇచ్చిన నాడు పాఠకుడు చెప్పిందానికీ, ఏళ్లు గడిచాక అదే మనిషి చెప్పిందానికీ ఉన్న తేడా మీద. మొదటి జవాబులు నోట్‌పుస్తకాల్లో ఉన్నంతవరకు పక్కన పెట్టి చూపించారు. లేనిచోట "మొదటి చీటీ మా పొరపాటు వల్ల పోయింది" అని రాశారు. నా పొరపాటు అనలేదు, మా పొరపాటు అన్నారు. నేను టైపు చేస్తూ ఆ మాట దగ్గర ఆగిపోతే, "టైపు చెయ్యి, ఏం జూస్తున్నవ్," అని కసిరారు. ఎర్ర బైండు చేయించి రెండు ప్రతులు సిద్ధం చేశాం.

బృందం వచ్చిన రోజు లైబ్రరీలో గులాబీల వాసన. శ్రీధర్ సార్ తయారుచేసిన నివేదికలో మేము "సౌకర్యాలు" అనే పేజీలో ఉన్నాం. లిఫ్టు, జనరేటర్, క్యాంటీన్, లైబ్రరీ, ఆ వరసలో. ప్రిన్సిపాల్ గారు ముందే చెప్పారు, నవ్వుతూ బొకే ఇవ్వండి, ఏమైనా అడిగితే పుస్తకాల సంఖ్య చెప్పండి అని. ముగ్గురు సభ్యులు లోపలికి వచ్చారు. మేడమ్ బొకే బల్ల మీదే వదిలేసి, అందరికంటే పెద్దాయన చేతిలో ఎర్ర బైండు పెట్టారు. పాపం ఆయన మంచివాడే. నిలబడే పేజీలు తిప్పాడు, యాదగిరి గారి మాటల దగ్గర ఆగి చిన్నగా నవ్వాడు. ఆ పేజీ పూర్తిగా చదివాడు.

"చాలా బాగా చేశారమ్మా. నిజంగా. కానీ దీన్ని నన్నెక్కడ వేయమంటారు? మా ఫారంలో దీనికి గడి లేదు."

మేడమ్ సొరుగు లాగి పన్నెండు అంగుళాల చెక్క స్కేలు తీశారు, కొప్పులోంచి పెన్సిల్ తీశారు. రెండూ ఆయన ముందు పెట్టారు.

"గడి లేకుంటే గీయుండ్రి సార్."

ప్రిన్సిపాల్ గారి ముఖం చూడాలి! శ్రీధర్ సార్ నా వైపు చూశాడు, ఏదో ఒకటి చేయమన్నట్టు. నేను చేయలేదు. పెద్దాయన స్కేలు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, మెల్లగా మళ్లీ బల్ల మీద పెట్టేశాడు. "అది నా చేతుల్లో లేదమ్మా," అన్నాడు.

"ఇప్పటిదాక ఉండె," అన్నారు మేడమ్.

వారం తరవాత శ్రీధర్ సార్ కాగితం పట్టుకుని వచ్చాడు. లైబ్రేరియన్ పేరు, అనుభవం, దాని కింద "పరిశోధన: సున్నా". ఆ కింద సంతకానికి చోటు. "మేడమ్, కోపం వద్దండీ. ఇక్కడ సైన్ చేసేస్తే నాన్ టీచింగ్ కోటాలో మీకు చీఫ్ లైబ్రేరియన్ పోస్ట్ వచ్చేస్తుంది. ఫైల్ రెడీగా ఉంది. జస్ట్ ఫార్మాలిటీ అండీ," అన్నాడు. ఆయన గొంతులో నిజంగానే మంచి చేయాలన్న ఆత్రం ఉంది. మేడమ్ రిటైర్‌మెంట్‌కి రెండేళ్లే ఉన్నాయి. నాకూ పెట్టేయమనే అనిపించింది, చెప్పాను కూడా. ఆవిడ కాగితం నిదానంగా చదివారు.

"నేను గిక్కడ సున్నా అని సంతకం పెడితే ఏమయితది తెల్సా సార్? యాదగిరి అబద్ధమాడినట్టయితది. బావిల దిగిన పిలగాడు అబద్ధమాడినట్టయితది. వాళ్ల పనిల నేను లేనని నేనే రాసిచ్చినట్టయితది. పోస్టు ఇయ్యకుండ్రి, పర్వాలేదు. సున్నా కింద మాత్రం నేను సంతకం పెట్ట."

పోస్టు ఇవ్వలేదు. చేరినప్పుడు ఏ హోదాలో ఉన్నారో అదే హోదాలో రిటైరయ్యారు. శాలువా కప్పారు, మైకులో నాలుగు మంచి మాటలు చెప్పారు, ఆ మాటల్లో పరిశోధన అన్న పదం లేదు. వెళుతూ వెళుతూ స్కేలు నా సొరుగులో వేసి, "జర పైలం," అన్నారు. ఆ జాగ్రత్త స్కేలు గురించో, నా గురించో అడగలేదు.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. ఆ తరవాత ఆ కుర్చీలోకి నేనొచ్చాను. ఫారం కంప్యూటర్‌లోకి మారింది. లైబ్రేరియన్ అని కొట్టగానే పరిశోధన దగ్గర సున్నా దానంతటదే వచ్చి కూర్చుంటుంది. కింద "అంగీకరిస్తున్నాను" అని ఒక్క మీట. నేను నొక్కాను. ఒక ఏడాది కాదు, వరసగా మూడేళ్లు. పనిలో పడి నొక్కాను, గొడవెందుకని నొక్కాను. మేడమ్ ఒకసారి ఫోన్ చేసి ఆ మాటా ఈ మాటా మాట్లాడుతూ, "ఫారం వచ్చిందా?" అని అడిగారు. "పంపించేశానండీ," అన్నాను. "ఊఁ," అన్నారు. ఆ తరవాత ఎప్పుడూ అడగలేదు. తెలిసే ఊరుకున్నారు. ఆనాటి తిట్లకన్నా ఆ ఒక్క ఊఁ నాకు ఎక్కువ తగిలింది.

పోయిన వానాకాలంలో ఆవిడ టోలిచౌకిలో వాళ్లింట్లోనే కన్నుమూశారు. యాదగిరి గారికి నడవడం కష్టంగా ఉంటే వాళ్ల అమ్మాయి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఒక మూల నిలబడి ఆ అమ్మాయి నాతో, "అక్కా, మా బాపు కట్లన్నీ మేడమ్ బుక్కులవే," అంది. అదే రోజు సాయంత్రం కాలేజీ వాట్సాప్ గ్రూపులో సంతాప సందేశం వచ్చింది. "మన పూర్వ సహాయక సిబ్బంది శ్రీమతి అనసూయ గారు" అని ఉంది. ఎవరెవరో చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నేను ఏదీ పెట్టలేదు. ఆ "సహాయక సిబ్బంది" వంకే చూస్తూ కూర్చున్నాను.

మా పుస్తకాల వెనక అట్టకు ఇప్పుడు రెండూ ఉన్నాయి, బార్‌కోడూ చీటీ కూడా. నేనే మళ్లీ అంటించాను, బంకతో, ఒక్కోటీ. తిరిగి ఇచ్చినప్పుడు అడుగుతాను. కొన్నేళ్లాగి వెతుక్కుంటూ వెళ్లి మళ్లీ అడుగుతాను. రెండు జవాబులూ పక్కపక్కన రాస్తాను. పనికి రాలేదంటే అదీ రాస్తాను. మేడమ్ ఆపిన చోటు నుంచి మూడో భాగం తయారైంది. దానికీ గడి లేదు.

శ్రీధర్ సార్ ఇప్పుడు వైస్ ప్రిన్సిపాల్. నిన్న ఫోన్ చేశాడు. "మాధవి గారూ, అందరివీ అయిపోయాయండీ, మీ ఒక్కరిదే పెండింగ్. పోస్ట్ ఫైల్ కూడా మూవ్ చేశాను. ఒక్క క్లిక్ అండీ." అదే పోస్టు, అదే ఆత్రం. ప్రింటు తీసి సంతకం పెట్టి ఇచ్చినా చాలన్నాడు. అలా ప్రింటు తీసిన కాగితమే నా చేతిసంచిలో ఉన్నది.

సూపర్‌మార్కెట్ నుంచి ఇంటికి వెళ్లలేదు. కాలేజీకి తిరిగొచ్చాను. సొరుగులోంచి చెక్క స్కేలు తీసి, సున్నా ఉన్న వరస కింద ఖాళీలో నాలుగు గీతలు గీశాను. ఒక గీత కాస్త వంకరపోయింది, తుడిచి మళ్లీ గీశాను. గడిలో మేడమ్ పేరు రాసి ఆవిడ రెండు పరిశోధనల పేర్లు రాశాను. కింద నా పేరు, మూడో భాగం పేరు రాశాను. సున్నా కింది సంతకం చోటు అలాగే ఖాళీగా వదిలేశాను. ఫారానికి జతచేయడానికి ఎర్ర బైండు కావాలి కదా, అర దగ్గరికి వెళ్లి తీశాను. ఎవరు తీసుకున్నా మా లైబ్రరీలో నియమం ఒకటే. వెనక్కి తిప్పి, చీటీ మీద ఇవాళ్టి తేదీ వేసి, నన్ను నేనే అడిగాను, దేనికి పనికొచ్చింది?

పెన్సిల్ చెక్కుకుని రాశాను. "సున్నా కింద సంతకం పెట్టకుండా ఉండడానికి."